ప్రొద్దుటూరు నెత్తురు లెక్కలోకి రావాలి

ఆపరేషన్‌కు ముందు రోగి తరఫువాళ్ళను నేను తప్పకుండా అడిగే మాట ఒకటుంది. "మీ ఇంట్లో ఎవరికైనా మత్తిచ్చినాక ఊపిరి తిరిగి రావడానికి ఆలస్యమైందా? మిషన్ మీద పెట్టినారా?" కలమల్లలో పుట్టి, ప్రొద్దుటూరులో మత్తు డాక్టరుగా పనిచేసే నాకు ఈ జవాబు తెలియకుండా చెయ్యి కదలదు.

గొంతులోకి గొట్టం వేసేటప్పుడు కండరాలు వదులు కావడానికి స్కోలిన్ సూది వేస్తాం. దాని ప్రభావం ఐదు పది నిమిషాలే. నెత్తుట్లో బ్యూటిరైల్ కోలినెస్టెరేజ్ అనే ఎంజైము ఆ మందును విరిచేస్తుంది. ఆ ఎంజైము పనిచేయనివాళ్ళు మాత్రం గంటల తరబడి అలాగే ఉండిపోతారు. స్పృహ వచ్చినా కళ్ళు తెరవలేరు, ఊపిరి తీసుకోలేరు. వెంటిలేటర్ మీద ఓపిగ్గా కాపాడితే కోలుకుంటారు.

ఈ లోపం ఆర్యవైశ్యుల్లో ఎక్కువ. ఆ ఎంజైములో 307వ స్థానంలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లానికి బదులు ప్రోలిన్ చేరడం వల్ల ఎంజైము పాడవుతోందని 2006లోనే పరిశోధకులు తేల్చారు. వాళ్ళలో ఈ లోపం మిగతా సమూహాల కంటే దాదాపు వంద రెట్లు ఎక్కువని 2017లో నేచర్ జెనెటిక్స్‌లో వచ్చిన పరిశోధనా పత్రం గుర్తుచేసింది. అందులో హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన కుమారసామి తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ పాలుపంచుకున్నారు. దీనికి మేనరికాలే కారణమని చాలామంది అనుకుంటారు. అంతకన్నా పాత కథ ఉంది. ఎన్నో తరాల కిందట కొద్దిమందితో మొదలైన సమూహం తనలో తానే పెళ్ళిళ్ళు చేసుకుంటూ లక్షల మందిగా పెరిగితే, ఆ కొద్దిమందిలో ఒకరికున్న మార్పు ఊరూరా పరుచుకుంటుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. సిగ్గుపడి దాచుకోవలసిందీ లేదు.

ఈ కథ ఇప్పుడెందుకంటే, మందుల తయారీలోకి కృత్రిమ మేధ వచ్చింది. నేను దాన్ని మనసారా స్వాగతిస్తున్నాను. ఊపిరితిత్తులు మచ్చలు కట్టి గట్టిపడే ఐపీఎఫ్ జబ్బుకు ఇన్‌సిలికో మెడిసిన్ సంస్థ రెంటోసెర్టిబ్ అనే మందును తయారుచేసింది. జబ్బులో ఏ ప్రోటీన్‌ను అడ్డుకోవాలో ఎంచిందీ, అడ్డుకునే అణువును గీసిందీ కృత్రిమ మేధ సాయంతోనే. 2025లో నేచర్ మెడిసిన్‌లో ఫలితాలు వచ్చాయి. ఎక్కువ మోతాదు తీసుకున్నవాళ్ళు బలంగా వదిలే గాలి 12 వారాల్లో సగటున 98.4 మిల్లీలీటర్లు పెరిగింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకు 20.3 తగ్గింది. మెట్లెక్కలేక సగంలో కూలబడే మనిషికి ఆ గాలి విలువెంతో నాకు తెలుసు. అయితే ఆ ట్రయల్‌లో ఉన్నది 71 మంది, అందరూ చైనాలోని రోగులే.

యంత్రం తనకు చూపిన మనుషుల నుంచే నేర్చుకుంటుంది. 2018 నాటికి జన్యు అధ్యయనాల్లో పాల్గొన్నవారిలో 78 శాతం యూరప్ మూలాలవాళ్ళు. ఆ సమాచారమే మింగిన యంత్రాన్ని స్కోలిన్ గురించి అడిగితే, వేలల్లో ఒకరికి వచ్చే ఇబ్బంది అంటుంది. ఆర్యవైశ్యులు ఎక్కువగా ఉండే ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వీధిలో ఆ జవాబు ప్రమాదం. రేపు వచ్చే కొత్త మందుల్లో ఇలాంటివి ఇంకెన్ని ఉంటాయో మనం వెతకకపోతే ఎవరు వెతుకుతారు? పైగా ట్రయల్‌కు తగిన రోగులను ఇప్పుడు ఆసుపత్రుల కంప్యూటర్ రికార్డుల్లో యంత్రంతో గాలిస్తున్నారు. జమ్మలమడుగు, పులివెందుల పల్లెల నుంచి వచ్చే నా రోగుల చరిత్ర ప్లాస్టిక్ కవర్లో చేతిరాత చీటీలుగా ఉంటుంది. ఆ వెతుకులాటకు వాళ్ళు కనిపించరు.

సమాచారం కావాలి కదా అని ఎలాగైనా తీసుకుంటామంటే మాత్రం ఒప్పుకోను. 2009లో ఖమ్మం జిల్లాలో ఒక అధ్యయనంలో భాగంగా వేలమంది ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు ఎంతోమంది తరఫున హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమాన్ని ఆపించారు. సమ్మతి అంటే ఆ మనిషికి అర్థమై చెప్పిన మాట. రోగి అడిగినన్నిసార్లు విసుక్కోకుండా మా సీమ మాటల్లో వివరించే పనికి కూడా కృత్రిమ మేధను పెట్టవచ్చు. కానీ సంతకం తీసుకునే ముందు ఒక మనిషి ఎదురుగా కూర్చోవాలి.

మా జిల్లాలో పని మొదలుపెట్టడానికి ఒక పరీక్ష సిద్ధంగా ఉంది. పురుగుమందు ఒంట్లోకి పోయిన రైతులకు చేసే కోలినెస్టెరేజ్ రక్తపరీక్షే స్కోలిన్ లోపాన్నీ పట్టిస్తుంది. కడప ప్రభుత్వ వైద్య కళాశాల దాన్ని ఆపరేషన్‌కు వచ్చే అనుమానపు కుటుంబాలన్నిటికీ ఉచితంగా చేయాలి. ఫలితం కార్డు మీద తెలుగులో రాసి రోగి చేతికివ్వాలి. ఒప్పుకున్నవాళ్ళ వివరాలను పేర్లు తీసేసి పరిశోధనకు పంపాలి. కృత్రిమ మేధతో చేసిన మందుకు మన దేశంలో అనుమతి అడిగే ప్రతి కంపెనీ, తన యంత్రం ఏ జనాల నుంచి నేర్చుకుందో దరఖాస్తులోనే చెప్పాలి. మనవాళ్ళు అందులో లేకపోతే, ఇక్కడ ట్రయల్ చేసి చూపించాకే ఆ మందు అంగట్లోకి రావాలి.