పిల్లలు పెద్దయ్యేదాకా ఆగాలా?

"పిల్లలు కాస్త పెద్దవాళ్ళు కానివ్వండి, అప్పుడు చూద్దాం."

ఈ మాట అనని అమ్మ, వినని ఇల్లు మనలో ఎక్కడైనా ఉందా? మానేసిన సంగీతం మళ్ళీ మొదలుపెట్టాలన్నా ఇదే మాట. సగంలో ఆగిన ఎమ్మే పూర్తి చేయాలన్నా ఇదే మాట. ఇక కొండలెక్కడం, అడవిలో నడవడం లాంటి సరదాలుంటే చెప్పేదేముంది? పెళ్ళికి ముందు ఎన్‌సీసీ క్యాంపులోనో, కాలేజీ టూర్‌లోనో అందరికంటే ముందు కొండెక్కిన అమ్మాయి, చంకలోకి బిడ్డ రాగానే ఆ బూట్లు తీసి అటక మీద పడేస్తుంది. పిల్లలు పెద్దవాళ్ళవుతారు. తీరా చూస్తే ఈలోగా మన మోకాళ్ళూ పెద్దవైపోతాయి!

ఈ వారం ఆ అటక మీది బూట్ల గురించే నాలుగు మాటలు చెప్పాలనుంది.

అమెరికాలో తూర్పువైపు అపలాచియన్ ట్రైల్ అని ఒక కాలిబాట ఉంది. జార్జియా రాష్ట్రంలో స్ప్రింగర్ కొండ మీద మొదలై, పద్నాలుగు రాష్ట్రాలు దాటి, ఉత్తరాన మెయిన్ రాష్ట్రంలో కటాడిన్ కొండ మీద ముగుస్తుంది. పొడవు సుమారు 3,500 కిలోమీటర్లు. మన హైదరాబాదు, కర్నూలు, అనంతపురం మీదుగా శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఉంది చూశారూ, దానికంటే కాస్తే తక్కువ. కాకపోతే ఇది లారీలు పోయే రోడ్డు కాదు. చెట్ల మధ్య, రాళ్ళ మీద, కొండల నడుముల వెంట మనిషి కాళ్ళకు మాత్రమే చాలే దారి. బెంటన్ మెకై అనే అటవీ నిపుణుడు 1921లో ఈ ఆలోచన చెబితే, ఎందరో స్వచ్ఛందంగా పనిచేసి 1937కల్లా ఒక చివర నుంచి ఇంకో చివరకు దారి కలిపారు. దారి తప్పకుండా చెట్ల మీద తెల్లరంగు పట్టీలు వేసి ఉంటాయి. చదువు రాని పిల్లలు కూడా వాటిని చూసుకుంటూ నడిచేయగలరు.

ఒక్క బిగిన నడిచేవాళ్ళకు అయిదు నుంచి ఏడు నెలలు పడుతుంది. అలా బయలుదేరినవాళ్ళలో చివరిదాకా చేరేది సుమారు నాలుగో వంతు మందే. మరి ఉద్యోగాలూ, బడికెళ్ళే పిల్లలూ ఉన్నవాళ్ళ సంగతేమిటి? వాళ్ళు దారిని ముక్కలు చేసుకుంటారు. ఈ ఆదివారం ఆరు కిలోమీటర్లు, పండగ సెలవులకు పది. ఆగిన చోటే మళ్ళీ మొదలు. పదేళ్ళు పట్టినా, ఇరవై ఏళ్ళు పట్టినా సరే. ఆ బాట బాగోగులు చూసే సంస్థ ఒక్క బిగిన నడిచినవాళ్ళనూ, ముక్కలు ముక్కలుగా నడిచినవాళ్ళనూ ఒకే జాబితాలో రాస్తుంది. ఎక్కువ తక్కువల్లేవు. నాకు బాగా నచ్చిన సంగతి ఇదే.

మా అమ్మాయీ అల్లుడూ ఉండేది మేరీలాండ్‌లో. అక్కడ ఈ బాట 66 కిలోమీటర్లే, అదీ సౌత్ మౌంటెన్ అనే కొండ వెన్ను మీదుగా. మిగతా రాష్ట్రాలతో పోలిస్తే ఎత్తుపల్లాలు తక్కువ. నేను వాళ్ళ దగ్గర ఆరు నెలలున్నప్పుడు మనవడికి తొమ్మిదేళ్ళు, మనవరాలికి ఆరు. రెండేళ్ళ నుంచి నెలకో, రెణ్ణెల్లకో ఒక ముక్క చొప్పున నడుస్తున్నారు. ఫ్రిజ్ మీద ఆ బాట మ్యాపు అతికించి ఉంటుంది. నడిచొచ్చిన రాత్రి ఆ ముక్క మీద రంగు పెన్సిలు దిద్దడం చిన్నదాని వంతు. "అమ్మమ్మా, మనం ఇంతే నడిచామా!" అని దానికి రోజూ ఆశ్చర్యమే. చూపుడువేలంత రంగు, ఆ పైనా కిందా బారెడు మ్యాపు మరి!

ఇండియాలో ఉన్న చుట్టాలు ఫోనుల్లో ఊరుకుంటారా? "ఇంతంత పిల్లల్ని అడవిలో తిప్పుతారా? ఏ పురుగో పుట్రో కరిస్తే?" అని దెప్పడమే. భయం తప్పు కాదు. ఆ అడవిలో నల్ల ఎలుగుబంట్లున్నాయి. మనవైపు గొడ్లకు పట్టే గోమార్ల లాంటివి, ఆవగింజంత పురుగులున్నాయి. అవి కుడితే లైమ్ అనే జబ్బు రావచ్చు. అందుకే మా అమ్మాయి ఎంత ఎండైనా పిల్లలకు పొడుగు ప్యాంట్లే వేస్తుంది, మేజోళ్ళలోకి దోపుతుంది. ఇంటికి రాగానే స్నానాలగదిలో చెవుల వెనక, చంకల్లో, మోకాలి వెనక, జుట్టు కుదుళ్ళలో వెతుకుతుంది. ఎలుగుబంటి కోసం తిండి ఎప్పుడూ మూటగట్టే ఉంచుతారు, రాత్రి బస చేస్తే గుడారంలో పెట్టుకోరు. భయపడి ఇంట్లో కూర్చోవడం ఒక పద్ధతి. భయానికి తగ్గ జాగ్రత్త నేర్చుకుని బయలుదేరడం ఇంకో పద్ధతి. పిల్లలకు ఏది నేర్పితే మంచిదో మీరే చెప్పండి.

ఒక రోజు సంగతి చెబుతాను. అన్నాపొలిస్ రాక్స్ అని ఆ బాట పక్కన పెద్ద బండల అంచు ఒకటి ఉంది. అక్కడ నిలబడితే కింద లోయంతా కనిపిస్తుందట. కారు ఆపిన చోటి నుంచి రానూపోనూ ఏడు కిలోమీటర్ల పైచిలుకు. పిల్లలు వారం నుంచీ దాని గురించే కలవరిస్తున్నారు. తీరా ఇంకో పది నిమిషాల్లో చేరతామనగా ఉరిమింది. మా అల్లుడు ఆకాశం వైపు చూసి, "ఇక వెనక్కి" అన్నాడు. మెరుపుల్లో ఎత్తయిన బండల మీద నిలబడకూడదు కదా. పెద్దవాడికి కళ్ళనీళ్ళు ఆగలేదు. "పది నిమిషాలే కదా నాన్నా!" మా అమ్మాయి వాడి తల తుడుస్తూ, "కొండ ఎక్కడికీ పోదు కన్నా, మనకోసం ఇక్కడే ఉంటుంది" అంది. తడిసి ముద్దయి కారెక్కాం. మూడు వారాల తర్వాత మళ్ళీ వెళ్ళాం. ఈసారి పిల్లలు నాకంటే ముందు చేరి, ఆ బండల మీద పులిహోర డబ్బా తెరిచారు.

నాకు ఆ లోయ కంటే వెనక్కి తిరిగిన ఆ పది నిమిషాలే ఎక్కువ గుర్తు. మన పిల్లలకు మనం ఏం నేర్పుతున్నాం? మొదలుపెడితే చివరిదాకా ఉరకాలి, ఆగితే ఓడినట్టే, పక్కింటి పిల్లాడు దాటిపోతాడు! ఎల్‌కేజీ నుంచి ఎంసెట్ దాకా ఇదే పాట. 'ఇవాళ ఇక్కడిదాకా చాలు, మిగతాది మళ్ళీ' అనుకోవడం కూడా ఒక తెలివేనని చెప్పే పాఠ్యపుస్తకం ఏదీ నాకు కనబడలేదు. ముక్కలుగా నడిచే దారి ఆ పాఠం చెబుతుంది. అదీ తిట్టకుండా.

ఇక చేయడమెలా అంటారా? పెద్ద విద్యేం కాదు. ముందు దూరం లెక్క. వెళ్ళినంత దూరమూ తిరిగి రావాలని మరిచిపోవద్దు. పాప నాలుగు కిలోమీటర్లు నడవగలిగితే, రెండు వెళ్ళి రెండు రావడమే ఆ రోజు యాత్ర. రెండు కుటుంబాలు కలిస్తే ఇంకో ఉపాయం ఉంది. ఒకరు ఈ చివర, ఇంకొకరు ఆ చివర కార్లు ఆపి ఎదురెదురుగా నడుస్తారు. మధ్యలో కలుసుకున్నప్పుడు కలిసి తిని, తాళాలు మార్చుకుంటారు. ఎవరూ వెనక్కి నడవక్కర్లేదు! రెండోది, ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలో ఇంటి దగ్గరే అనుకోవాలి. మూడోది, అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళను ముందు నడిపించాలి. అప్పుడు చిన్నది నాయకురాలవుతుంది, పెద్దవాళ్ళ ఉరుకులూ తగ్గుతాయి. పుట్టగొడుగు దగ్గర ఆగితే ఆగనివ్వండి. దాని యాత్ర అక్కడే ఉంది.

పిల్లల వీపుకూ ఒక సంచీ ఉండాలి, కానీ బరువు ఎక్కువ కాకూడదు. కేంద్ర ప్రభుత్వం 2020లో ప్రకటించిన స్కూలు బ్యాగు విధానంలో, బ్యాగు బరువు పిల్లల బరువులో పదో వంతు మించరాదని ఉంది. బడిలో ఎలా ఉన్నా, కొండ మీద ఆ లెక్క పాటించండి. ఇరవై కిలోల పాపకు రెండు కిలోలు. అందులో నీళ్ళు, గాలికి వేసుకునే కోటు, మెడలో ఒక ఈల. తప్పిపోతే అటూ ఇటూ పరుగెత్తకుండా ఒక చెట్టును పట్టుకుని నిలబడాలనీ, మూడేసి సార్లు ఈల ఊదాలనీ ఆటలాగే నేర్పాలి. మనకు నూలుబట్టల మీద మోజు ఎక్కువ. ఎండలో సరే గానీ, చలి కొండల మీద తడిసిన నూలుబట్ట ఒంటినుంచి వెచ్చదనం లాగేస్తుంది. తొందరగా ఆరే బట్టలే మేలు. తిన్న అరటిపండు తొక్కతో సహా చెత్తంతా తిరిగి సంచీలోకే రావాలి. ఇది మాత్రం పిల్లలు పెద్దల కంటే బాగా పాటిస్తారు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. ఇది ఇంటాయనకు కూడా వినిపించండి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పులిహోర కలపడం, సంచులు సర్దడం, తుండ్లు, మందులు, మారు బట్టలు గుర్తుపెట్టుకోవడం, సాయంత్రం బురద బట్టలు ఉతకడం అన్నీ అమ్మ ఒక్కదానివే అయితే, అది విహారం కాదు. వంటింటిని వీపుకు కట్టుకుని కొండెక్కడం! మా అమ్మాయి ఇంట్లో సంచులు సర్దే పని అల్లుడిది, నీళ్ళ సీసాలు నింపేది మనవడు. మా అమ్మాయి మ్యాపు చూసి ముందు నడుస్తుంది. అలా పనులు పంచుకున్నారు కాబట్టే ఆ ఇంట్లో మళ్ళీ వెళ్దామనే మాట అమ్మ నోట్లోంచే ముందు వస్తోంది.

ఆ బాట మీదే ఒక పెద్దావిడ కథ ఉంది. ఒహాయో రాష్ట్రానికి చెందిన ఎమ్మా గేట్‌వుడ్. పదకొండు మంది పిల్లల్ని కని పెంచిన తల్లి. భర్త చేతిలో ఏళ్ళ తరబడి దెబ్బలు తిని, చివరికి విడాకులు తీసుకున్న మనిషి. పిల్లలందరూ పెద్దవాళ్ళయ్యాక, 1955లో, అరవై ఏడేళ్ళ వయసులో, మామూలు గుడ్డ బూట్లు వేసుకుని, తానే కుట్టుకున్న సంచీ భుజాన వేసుకుని, 'కాస్త నడిచొస్తా'నని ఇంట్లో చెప్పి బయలుదేరింది. ఆ మొత్తం బాటను ఒంటరిగా ఒకే యాత్రలో నడిచిన మొదటి స్త్రీగా పేరు తెచ్చుకుంది. 1957లో మళ్ళీ నడిచింది. మూడోసారి మాత్రం ముక్కలు ముక్కలుగా నడిచి, 1964లో పూర్తి చేసింది. ఆవిడకు చేతులు జోడించాల్సిందే. కానీ మనలో ప్రతి అమ్మా అరవై ఏడేళ్ళదాకా ఎందుకు ఆగాలి?

అమెరికా దాకా ఎందుకు? పిల్లలతో నడవడం మనకు కొత్త కాదు. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు, సుమారు తొమ్మిది కిలోమీటర్లు. మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమలు పెడుతూ ఎక్కే అవ్వలనూ, గాలిగోపురం దగ్గర కూలబడి మజ్జిగ తాగి మళ్ళీ లేచే బుడతలనూ చూడనిదెవరు? అక్కడ కూడా జాగ్రత్త అవసరమేనని 2023 ఆగస్టులో గుండె పగిలేలా తెలిసింది. ఆ దారిలో చిరుత దాడిలో ఆరేళ్ళ పాప ప్రాణం పోయింది. ఆ తర్వాత పిల్లలతో నడిచే వేళల మీద ఆంక్షలు పెట్టారు. కనుక ఏ దారికి వెళ్ళినా ఆనాటి నిబంధన కనుక్కోండి, పగటిపూటే, గుంపుగా నడవండి, చిన్నవాళ్ళ చేయి వదలకండి. ఆ తల్లి కడుపుకోతను తలుచుకునైనా ఈ మాట తేలిగ్గా తీసుకోవద్దు.

తిరుమల దూరమైతే మీ ఊరి గుట్ట లేదా? చెరువు కట్ట లేదా? కాలవగట్టు వెంట పక్క ఊరిదాకా దారి లేదా? పిల్లలు రోజుకు కనీసం గంటసేపు ఒళ్ళు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ గంట ట్యూషన్ మెట్లెక్కితే రాదు. ఒక కాగితం మీద మీ ఊరి చుట్టూ ఉన్న దారులు గీయండి. నెలకో ముక్క నడవండి. నడిచినంత మేర పిల్లల చేత రంగు దిద్దించండి. సంవత్సరం తిరిగేసరికి మీ ఊరు మీ పిల్లలకు కాళ్ళతో తెలుస్తుంది. ఏ మలుపు తిరిగితే ఏ చింతచెట్టు వస్తుందో నిద్రలో అడిగినా చెబుతారు.

పిల్లల కోసం మన సరదాలు మానుకోవడం త్యాగమని మనకు నూరిపోశారు. పిల్లలను వెంటబెట్టుకుని, వాళ్ళకు తగినంత చిన్నదిగా చేసుకుని, ఆ సరదాను బతికించుకోవడం అంతకంటే మంచిదని నేనంటాను. అమ్మకు ఇష్టమైన పని ఒకటుందనీ, అమ్మ అందులో సంతోషంగా ఉంటుందనీ పిల్లలు కళ్ళారా చూడాలి. ముఖ్యంగా ఆడపిల్లలు చూడాలి. రేపు వాళ్ళ బూట్లు అటకెక్కకుండా ఉంటాయి.

మరి, ఈ ఆదివారం ఎంత దూరం వెళ్తున్నారు? ఒక్క కిలోమీటరా? చాలు, బయలుదేరండి!