గొంతులతో కట్టిన కాలేజీ

పాటకు పక్కవాద్యం ఉండాలంటారు. మన ఊళ్లలో హార్మోనియం, మద్దెల, కనీసం రెండు జతల తాళాలు లేనిదే భజన మొదలు కాదు. వరినాట్ల దగ్గర మాత్రం ఏ వాద్యమూ ఉండదు. చేతులు బురదలో ఉంటాయి కనుక గొంతే పాడాలి, గొంతే తాళం వేయాలి. అమెరికా దక్షిణాదిన పత్తిచేలల్లో తరతరాలుగా చాకిరీ చేసిన నల్లజాతి బానిసల పాటలూ అలా పుట్టినవే. ఆ పాటలు పాడి, మూతపడబోతున్న ఒక కాలేజీని అప్పుల్లోంచి గట్టెక్కించి, దానికి మేడ కట్టించిన విద్యార్థుల కథ మన పాఠకులు తెలుసుకోదగినది. 1871 అక్టోబరు 6న తొమ్మిదిమంది విద్యార్థులు నాష్‌విల్ పట్నం నుంచి బయలుదేరారు. ఆ తేదీని ఆ కాలేజీ నేటికీ ఏటేటా జరుపుకొంటోంది.

టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో ఆ బడి 1866 జనవరిలో తెరుచుకుంది. అంతర్యుద్ధం ముగిసి ఏడాదైనా కాలేదు. బానిసత్వాన్ని రద్దుచేసిన రాజ్యాంగ సవరణ అంతకు ముందు నెలలోనే అమలులోకి వచ్చింది. సైన్యం ఖాళీ చేసిన ఆస్పత్రి కొట్టాలే తరగతి గదులు. అమెరికన్ మిషనరీ అసోసియేషన్ నడిపిన ఆ బడికి జనరల్ క్లింటన్ ఫిస్క్ పేరు పెట్టారు. మొదటి ఏడు చేరినవారిలో ఏడేళ్ల పిల్లలూ ఉన్నారు, డెబ్బై ఏళ్ల ముసలివారూ ఉన్నారు. దక్షిణాది రాష్ట్రాల్లో చాలాచోట్ల బానిసకు అక్షరాలు నేర్పడం అంతకు ముందు నేరం. అలాంటి చోట బడి అంటే మనుషులు ఎలా ఎగబడి ఉంటారో ఊహించుకోవచ్చు. పాత బానిసల సంతలో దొరికిన తుప్పుపట్టిన సంకెళ్లను పాత ఇనుము కింద అమ్మి, ఆ డబ్బుతో పిల్లలకు వాచకాలు కొన్నారని చెప్పుకుంటారు.

1867లో అది విశ్వవిద్యాలయమైంది. పేరు పెద్దది, చేతిలో పైసా లేదు. కొట్టాలు పుచ్చిపోయాయి, చలికాలంలో గాలి లోపలికి దూసుకొస్తుంది, తిండీ అంతంతమాత్రమే. 1871 నాటికి అప్పు పేరుకుపోయి, మూసేయడం మేలనే మాట పైవారి నోట వచ్చింది.

ఆ కాలేజీ కోశాధికారి జార్జి వైట్. న్యూయార్క్ రాష్ట్రం వాడు, కమ్మరి కొడుకు, తెల్లవాడు. అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో పోరాడాడు. సంగీతం పెద్దగా చదువుకోకపోయినా పాట అంటే ప్రాణం. లెక్కలు చూసుకుంటూనే ఖాళీ వేళల్లో పిల్లలకు పాట నేర్పేవాడు. మంచి గొంతులను ఏరి ఉత్తరాది పట్టణాలకు తీసుకుపోయి పాడిస్తే చందాలు రావా అన్నది అతని ఆలోచన. పైవారు ఒప్పుకోలేదు, తల్లిదండ్రులు భయపడ్డారు. ఖజానాలో మిగిలిన కాసింత సొమ్మూ దారిఖర్చులకు తీసుకొని అతడు బయలుదేరాడు. ఊళ్లో బడికట్టడం కోసం చందా పుస్తకం పట్టుకుని గడపగడపా ఎక్కినవారికి ఆ ప్రయాణం ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు.

మొదట వారు పాడింది సొంత పాటలు కావు. తెల్లవారు మెచ్చే కచేరీ పాటలు, అప్పట్లో వాడుకలో ఉన్న దేశభక్తి గీతాలు, ప్రేమగీతాలు నేర్చుకుని పాడారు. తల్లిదండ్రులు చేలల్లో, రాత్రిపూట చాటుమాటు ప్రార్థనల్లో పాడుకున్న పాటలను పదిమందిలో పాడటానికి వారికి మనసొప్పలేదు. అందుకు రెండు కారణాలు. ఆ పాటలు కొరడా దెబ్బలను, సంతలో తెగనమ్మిన రోజులను గుర్తుచేస్తాయి. పైగా అవి తమ పెద్దల దైవప్రార్థన. దానిని టిక్కెట్టు పెట్టి వినిపించడమేమిటన్న సంకోచం. వైట్ ఇంట్లో కుర్చీలు చాలక నేలమీద కూర్చుని, బయటికి వినపడనంత మెల్లగా ఆ పాటలు సాధన చేసేవారని ఎల్లా షెపర్డ్ తర్వాత రాసింది. వింటే ఆశ్చర్యంగా ఉంటుంది గాని, ఆ సిగ్గు మనకు తెలియనిది కాదు. కాలేజీలో చదివే పిల్లలు స్నేహితుల ఎదుట నానమ్మ పాటను ఎత్తుకుంటారా?

ఈ ఎల్లా షెపర్డ్ 1851లో బానిసగా పుట్టింది. తండ్రి 350 డాలర్లు చెల్లించి బిడ్డను విడిపించుకున్నాడు, తల్లిని మాత్రం విడిపించుకోలేకపోయాడు. యజమానులు ఆమెను మిసిసిపీకి తీసుకుపోయారు. యుద్ధం ముగిశాకనే తల్లీకూతుళ్లు మళ్లీ కలుసుకున్నారు. బృందంలో పియానో వాయించేది, పాఠం చెప్పేది, వైట్‌కు కుడిభుజంగా నిలిచేది ఆమే.

బెంజమిన్ హోమ్స్ చిన్నప్పుడు దర్జీ దగ్గర పని నేర్చుకుంటూ, వీధిలో నడిచేటప్పుడు అంగళ్ల బోర్డులు చూసి అక్షరాలు పట్టుకున్నాడు. అమ్మకానికి బంధించి ఉంచిన కొట్టడిలో ఉండగా బానిసల విముక్తి గురించి లింకన్ చేసిన ప్రకటన ఉన్న పత్రిక అతని చేతికొచ్చింది. తోటివారందరికీ దాన్ని పైకి చదివి వినిపించాడు. ఒక వార్తాపత్రికకు అంతకంటె గొప్ప చదువరి దొరికి ఉండడు. మాగీ పోర్టర్ పాఠాలు చెప్పిన పల్లెటూరి బడిని కూక్లక్స్ క్లాన్ ముఠా తగలబెట్టింది. థామస్ రట్లింగ్‌కు ఊహ తెలిసిన నాటి మొదటి జ్ఞాపకం తన తల్లిని అమ్మేసి తీసుకుపోవడం. పాట నేర్చుకోవడానికి ముందే వీరందరూ ఇంత చూశారు.

ప్రయాణం సాఫీగా సాగలేదు. చాలాచోట్ల హోటళ్లలో గది ఇవ్వలేదు. ముఖానికి మసి పూసుకుని నల్లవారిని వెక్కిరించే తెల్లవారి ఆటలు ఆ రోజుల్లో ఊరూరా ఆడేవి. ఇదీ ఆ బాపతే అనుకుని వచ్చినవారు నవ్వడానికి సిద్ధమై కూర్చునేవారు. సిన్సినాటిలో యాభై డాలర్లకు లోపే వసూలైంది. సరిగ్గా అప్పుడే షికాగో నగరం తగలబడి వేలమంది రోడ్డున పడ్డారన్న వార్త వచ్చింది. తమకే దారిఖర్చు లేని ఆ పిల్లలు ఆ సొమ్మంతా బాధితులకు ఇచ్చేశారు. ఇలాంటి చోట కోశాధికారి తల పట్టుకోవాలి. కాని ఇచ్చినవారిలో ఆ కోశాధికారే ముందున్నాడు.

కొలంబస్ పట్నం చేరేసరికి వైట్ బృందానికి పేరు పెట్టాడు. బైబిలులో యాభై ఏళ్లకొకసారి వచ్చే జూబిలీ సంవత్సరంలో బానిసలను విడిచిపెట్టాలని ఉంది. అందుచేత వారు జూబిలీ సింగర్స్ అయ్యారు.

కథ మలుపు తిరిగింది ఓబర్లిన్‌లో. 1871 నవంబరులో అక్కడ చర్చిల ప్రతినిధుల మహాసభ జరుగుతోంది. విరామ వేళ ప్రతినిధులు మాటల్లో మునిగి ఉండగా వీరు ‘స్టీల్ అవే’ అనే పాట అందుకున్నారు. దొంగచాటు ప్రార్థనకు రమ్మని బానిసలు ఒకరికొకరు సైగ చేసుకోవడానికి పాడుకునేవారని చెప్పే పాట అది. గుసగుసంత మెల్లగా మొదలుపెట్టారు. ఒక్కొక్కరే మాట ఆపారు. పాట అయ్యేసరికి సభ మొత్తం నిశ్శబ్దం. ఆ తర్వాత కచేరీ పాటలు తగ్గుతూ పోయాయి, పెద్దల పాటలే ముందుకు వచ్చాయి.

ఈ గానపద్ధతి గురించి ఒక మాట చెప్పాలి. మన భజనలో ఒకరు ముందు పాడితే తక్కినవారందరూ అదే వరుసలో వంత అందుకుంటారు. వీరిది అలా కాదు. ఆడవారి గొంతుల్లో పై స్థాయి ఒకరిది, కింది స్థాయి ఒకరిది. మగవారిలోనూ అంతే. నాలుగు వరుసలు ఒకేసారి వేర్వేరు స్వరాల్లో నడుస్తూ ఒకే పాటగా వినపడాలి. పక్కవాద్యం లేనప్పుడు ఒక్కరు కొంచెం దిగినా అందరూ దిగిపోతారు. అందుకని వైట్ పక్కవారి గొంతు వింటూ పాడటం నేర్పాడు. ఎవరి గొంతూ విడిగా పైకి తేలరాదు. పొలంలో ఉన్న మొరటుతనం పోయి పాటకు ఇస్త్రీ పెట్టారని అప్పుడే కొందరు పెదవి విరిచారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కాని ఇస్త్రీ పెట్టకుంటే ఆనాటి తెల్లవారి హాలులో ఆ పాటకు చోటు దొరికేదా అన్నదీ ఆలోచించాలి.

డిసెంబరులో బ్రూక్లిన్‌లో హెన్రీ వార్డ్ బీచర్ అనే పేరుమోసిన బోధకుడు తన చర్చిలో పాడించి, జేబులు ఖాళీ చేయండని సభికులను కోరాడు. 1872లో అధ్యక్షుడు గ్రాంట్ ఎదుట పాడారు. 1873లో ఇంగ్లండు వెళ్లి విక్టోరియా రాణికి వినిపించారు. ప్రధాని గ్లాడ్‌స్టన్ ఇంటికి పిలిచి ఆదరించాడు. స్వదేశంలో గది ఇవ్వని హోటళ్లవారు ఈ వార్త పత్రికల్లో చదువుకుని ఉంటారు. ఆ పర్యటనలో వచ్చిన సొమ్ము సుమారు 50,000 డాలర్లు. మొత్తం ఏడేళ్లలో కాలేజీకి 1,50,000 డాలర్లు సంపాదించి పెట్టారు. యుద్ధకాలపు కోట ఉన్న గుట్టమీద స్థలం కొన్నారు. దానిమీద లేచిన జూబిలీ హాలును 1876 జనవరి 1న ప్రారంభించారు. ఇంగ్లండులో ఎడ్మండ్ హావెల్ గీసిన బృందం నిలువెత్తు పటం ఆ భవనంలోనే ఉంది. 1885లో అక్కడ చదువుకోవడానికి వచ్చిన డుబాయిస్ అనే కుర్రవాడు తర్వాత నల్లజాతి హక్కుల పోరాటంలో పెద్ద మేధావి అయ్యాడు. ఆ మేడ ఇటుకలు తనకు పాటలతోనే చేసినట్టు తోచాయన్న భావం 1903లో వెలువడిన తన పుస్తకంలో రాశాడు.

మేడ లేచింది సరే, దాన్ని లేపినవారి సంగతి ఏమిటి? ఏడేళ్లపాటు దాదాపు ఎడతెరిపి లేకుండా తిరిగారు. చలిలో, రైళ్లలో, ఓడల్లో. గొంతులు బొంగురుపోయాయి, జబ్బులు పట్టాయి. బెంజమిన్ హోమ్స్ క్షయతో చిన్నవయసులోనే పోయాడు. కాలేజీ కోసం పాడినవారిలో చాలామంది ఆ కాలేజీలో తమ చదువు పూర్తిచేయనే లేదు. 1878లో జర్మనీలో ఉండగా అలసటతో, లోపలి తగవులతో బృందం చెదిరిపోయింది. గొప్ప సంస్థల చరిత్రలో పునాది రాళ్ల మీద దాతల పేర్లు చెక్కుతారు. ఈ పిల్లలు దాతలే, వారు ఇచ్చింది డబ్బు కాదు, చదువుకోవలసిన వయసు. దీన్ని త్యాగమని పొగిడి ఊరుకోవడం సరికాదు. పుస్తకం పట్టవలసిన పిల్లల మీద అంత బరువు మోపడం అన్యాయమని కూడా అనుకోవాలి.

తర్వాత ఫ్రెడరిక్ లౌడిన్ అనే గాయకుడు బృందాన్ని తన చేతికి తీసుకున్నాడు. ఒహాయోలో స్వేచ్ఛాపరుల ఇంట పుట్టినా, నల్లవాడైనందుకు చర్చి గాయకబృందంలో చోటు దొరకని మనిషి అతడు. 1884లో బయలుదేరి ఆరేళ్లు ప్రపంచం చుట్టాడు. ఆస్ట్రేలియా నుంచి 1889లో మన దేశానికీ వచ్చారు. ఆగ్రాలో తాజ్‌మహల్ గుమ్మటం కింద పాడి ఆ ప్రతిధ్వని విన్న సంగతి అతడు రాసుకున్నాడు. పత్తిచేలో పుట్టిన పాట అంతదూరం వచ్చిందన్నమాట. అయితే ఆ బృందానికి కాలేజీతో సంబంధం తెగిపోయింది. ఇదే పేరు పెట్టుకుని పాడే మరికొన్ని బృందాలూ పుట్టుకొచ్చాయి. ఒక నాటక సమాజానికి పేరొస్తే అదే పేరుతో నాలుగు లేవడం మన దగ్గరా చూసిందే.

కాలేజీలో ఆ పాటకు మళ్లీ ప్రాణం పోసింది జాన్ వెస్లీ వర్క్ అనే అధ్యాపకుడు. తమ్ముడితో కలిసి పాటలు సేకరించి అచ్చువేశాడు. 1909లో నలుగురు గాయకులతో ‘స్వింగ్ లో, స్వీట్ చారియట్’ రికార్డు ఇప్పించాడు. అమెరికా జాతీయ గ్రంథాలయం భద్రపరచవలసిన ధ్వనిముద్రణల మొదటి జాబితాను, అంటే 2002 సంవత్సరపు జాబితాను, ప్రకటించినప్పుడు అందులో ఆ రికార్డు ఉంది. 1994 నుంచి బృందాన్ని నడిపిన పాల్ క్వామీ ఆఫ్రికాలోని ఘనాలో పుట్టినవాడు. బానిసల పాటలు నేర్పడానికి ఆఫ్రికా నుంచే ఒక గురువు రావడం విశేషం. ఆయన హయాంలో 2021లో బృందానికి గ్రామీ బహుమతి వచ్చింది. ఆ మరుసటి సంవత్సరమే ఆయన కన్నుమూశారు.

పాట ఒకసారి గట్టెక్కించినంత మాత్రాన కాలేజీ కష్టాలు తీరిపోలేదు. ఆ తర్వాత కూడా ఫిస్క్‌కు డబ్బు ఇబ్బందులు వస్తూనే ఉన్నాయి. తనకు కానుకగా వచ్చిన విలువైన చిత్రాల సేకరణలో వాటాను 2012లో మూడు కోట్ల డాలర్లకు వేరే చిత్రశాలకు ఇవ్వవలసి వచ్చింది. అమ్ముకోలేనిది, తాకట్టు పెట్టలేనిది ఆ పాట ఒక్కటే మిగిలింది.

నాట్ల పాటలు, దంపుడు పాటలు వచ్చిన ముసలివారు మన ఊళ్లలో ఇంకా కొద్దిమంది ఉన్నారు. వారి దగ్గర కూర్చునే కాలేజీ పిల్లలు ఎందరు ఉన్నారో మన హైస్కూళ్లు, కాలేజీలు లెక్క వేసుకోవచ్చు. వార్షికోత్సవంలో సినిమా పాటకు గంటసేపు ఇచ్చేచోట ఆ పాటలకు పావుగంట ఇవ్వడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

నాష్‌విల్‌లో ప్రతి అక్టోబరు 6న ఆ ఏటి గాయకులు తొలి బృందంవారి సమాధుల దగ్గరకు వెళతారు. 1914లో పోయిన ఎల్లా షెపర్డ్ సమాధి కూడా ఆ ఊళ్లోనే ఉంది. వేదిక మీద ఈ బృందానికి ఎదురుగా నిలబడి చేయి ఆడించేవారు ఉండరు. పక్కవారు ఊపిరి తీసుకోవడం విని అందరూ ఒక్కసారి అందుకుంటారు.