సృజనకూ గైడేనా?

తెలుగు తరగతిలో పిల్లలకు ఆసక్తి లేదని వాపోయే పెద్దలను ఒకటి అడుగుతాను. ఆ ఆసక్తిని చంపినదెవరు? టీవీ, సెల్‌ఫోను, ఇంగ్లీషు మీడియం అని తడుముకోకుండా జవాబు వస్తుంది. దొంగను ఇంట్లో ఉంచుకొని వీధిలో కేకలు వేయడమంటే ఇదే.

సుమారు 2012 నుంచి మారిన తెలుగు వాచకాలలో పాఠాల చివర ‘వ్యక్తీకరణ - సృజనాత్మకత’ అనే శీర్షిక వచ్చింది. కథను సంభాషణగా మార్చండి, లేఖ రాయండి, కవిత అల్లండి అన్నారు. ఉద్దేశం శ్లాఘనీయమే. కాని ఆ అభ్యాసాలకూ జవాబులచ్చువేసి గైడ్లు బజారుకెక్కాయి. ఉపాధ్యాయులం మనమే వాటిని నల్లబల్ల మీదికెక్కించాం. నలభైమంది పిల్లలు తమ తమ తల్లులను గురించి ‘స్వయంగా’ ఒకే కవిత, ఒకే ఉపమానంతో రాశారు! దీనిని సృజన అనడంకన్న చూచివ్రాత అనడం నిజాయితీ.

అంతకన్న ఘోరం ఎర్రసిరా. నాగావళి వరద గురించి రాయమంటే మా ప్రాంతపు పిల్లవాడు తన ఇంటి మాటలో ‘ఏరు వచ్చీసింది’ అని రాస్తాడు. దానికింద గీత పడుతుంది. గైడు చూసి ‘నది ఉప్పొంగి ప్రవహించెను’ అని రాసినవాడికి పూర్తి మార్కులు. మొదటి వాక్యంలో వరద ఉన్నది, రెండవదానిలో భయం ఉన్నది. గీత పడిన పిల్లవాడు మళ్ళీ తన మాట రాయడు.

ఈ మాట అనడానికి పాశ్చాత్య విద్యావేత్తలెవరూ అక్కరలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే సవర భాష నేర్చుకొని, ఆ పిల్లలకు వారి భాషలోనే వాచకాలు రాశారు. పాఠశాలల అధికారి యేట్స్ దొరగారితో, గురజాడవారితో కలిసి ఆయన కదిలించిన వ్యావహారిక భాషోద్యమానికి మూలం తరగతిగదే. పిల్లవాడి నోట ఉన్న భాషకూ పుస్తకంలోని భాషకూ నడుమ ఉన్న అగాధమే ఆయనను నిద్రపోనివ్వలేదు. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండవేసి, మరునాడు ఎర్రకలం పట్టుకునే మనకు ఆ పేరెత్తే అర్హత ఉన్నదా?

ఆటపాటలతో ఛందస్సు నాశనమవుతుందని తోటి పండితులు కొందరు భయపడతారు. అయ్యా, సమస్యాపూరణం ఆట కాదా? దత్తపది ఆట కాదా? అవధానమంతా ఆటే కదా! సృజనాత్మక బోధన మనకు పరాయి సరుకు కాదు. సభలో ఉంచుకొని తరగతినుంచి వెళ్ళగొట్టాం, అంతే.

మా సిక్కోలు పిల్లలకు తప్పెటగుళ్ళు తెలుసు. లఘువుకు ఒక దెబ్బ, గురువుకు రెండు దెబ్బల కాలం అని చెప్పి, బల్లమీద ఆటవెలది వాయించమనండి. బేసిపాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, సరిపాదంలో అయిదూ సూర్యగణాలే. ఈ నడక చేతికి పట్టుబడిన పిల్లవాడికి గణవిభజన బట్టీ పట్టవలసిన పని లేదు. ఆ మీదట మూడు పాదాలు మీరిచ్చి నాలుగవది వాళ్ళను పూరించమనండి. అవ్వనడిగి అయిదు పొడుపుకథలు తెమ్మనండి, ఆరవది సొంతంగా కట్టమనండి. ఖర్చు శూన్యం.

సిలబసు పూర్తికాదంటారా? పిల్లవాడు నాలుగు వాక్యాలు సొంతంగా రాయలేకపోతే పూర్తయినది సిలబసు మాత్రమే, చదువు కాదు.

నేను కోరేది స్వల్పం. వారానికొక పీరియడు పిల్లల రాతకు విడిచిపెట్టండి. తొలిప్రతి మీద ఎర్రసిరా వద్దు. మొదట చదివి వినిపించనివ్వండి, దిద్దుబాటు మలిప్రతిలో చేయవచ్చు. ప్రామాణిక భాష తప్పక నేర్పవలసిందే, కాని ఇంటి భాషను అవమానించి కాదు. అన్నిటికన్న ముఖ్యం, సృజనాత్మక ప్రశ్నకు గైడులోని జవాబు రాస్తే మార్కులివ్వకండి. తన మాట రాసినవాడికి, తడబడినా సరే, ఇవ్వండి. ఆ ఒక్క పని చేయడానికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కరలేదు, కలం మన చేతిలోనే ఉంది.