ఉద్దానమే పాఠ్యపుస్తకము

2018 అక్టోబరు 11వ తేదీ వేకువను పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ తుపాను, తరతరములుగా ఉద్దాన ప్రాంతమును పోషించుచు వచ్చిన కొబ్బరి, జీడితోటలను కొన్ని గడియలలోనే నేలగూల్చినది. అట్టి సీమలోని ఉన్నత పాఠశాల విద్యార్థులకు వాతావరణ మార్పును ధ్రువప్రాంతపు మంచుగడ్డల చిత్రములతో బోధింప నారంభించుట నాకు సమ్మతము కాదు. వేడెక్కిన సముద్రజలము తుపానునకు బలము నెట్లు చేకూర్చునో, వెచ్చని గాలి అధికమైన తేమను ఏల మోయునో, కూలిన కొబ్బరిచెట్టు స్థానమున నాటిన మొక్క కాపునకు వచ్చుటకు ఎన్నియేండ్లు పట్టునో, ఆ నడుమ ఆ కుటుంబము వలసపోక ఎట్లు నిలువగలదో, ఈ ప్రశ్నలను భౌతిక, జీవ, సాంఘిక శాస్త్రముల ఉపాధ్యాయులు కలసి చేపట్టి, పిల్లలను తోటలలోనికిని, వంశధార నది గట్టునకును గొనిపోవలెను. ఏ యొక్క తుపానునకైనను భూతాపమే ఏకైక కారణమని తొందరపడి తీర్మానింపరాదనుటయు ఆ పాఠములోని భాగమే. శాస్త్రబుద్ధి యనగా నదియే గదా!

పర్యావరణ విద్యను నిర్బంధ పాఠ్యాంశము గావింపుడని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించినది. దానిని మార్కులకై వల్లెవేయు ప్రకరణముగా మిగుల్చుట పిల్లల యెడల అన్యాయము. ప్రతి ఉన్నత పాఠశాలకు ఒక వర్షమాపకమును, ఒక ఉష్ణమాపకమును ప్రభుత్వము వెంటనే ఇప్పించి, దినదినము కొలతలు వ్రాయు బాధ్యతను విద్యార్థులకే అప్పగింపవలెను.