నొప్పి పోయింది, రోగము పోలేదు



శనగ కోతల దినములలో మేము రాజుపాలెంలో ఒక సహోదరి ఇంటికి ప్రార్థనకు వెళ్ళాము. ఆమె దవడ వాచి, నోరు తెరవలేక గంజి త్రాగుతున్నది. రెండు నెలల క్రితము ప్రొద్దుటూరులో పిప్పి పన్నుకు రూట్ కెనాల్ చికిత్స మొదలుపెట్టించుకొని, ఒక్క దినముతో మానేసింది. "నొప్పి పాయె కదా అయ్యగారూ, కూలి పోగొట్టుకొని మళ్ళా ఎందుకు పోవల్లనుకుంటి" అన్నది. ఆ దినము మేము కూడ "తగ్గింది, స్తోత్రము" అని ఊరకున్నాము. చికిత్స ముగిసినదా అని అడుగలేదు. అది మా తప్పు.

నొప్పి పోవుట వేరు, రోగము పోవుట వేరు. పంటి వేరులో సన్నని నాళములున్నవి. క్రింది దవడ పెద్ద పన్నుకు సాధారణముగా రెండు వేళ్ళు, మూడు నాళములుండును. లోపలి నరము తీయగానే నొప్పి ఆగును. కాని కుళ్ళు, సూక్ష్మజీవులు నాళపు గోడలను పట్టుకొని యుండును. అక్కడ రక్తప్రసరణ లేదు గనుక మనము మ్రింగే మాత్రలు అక్కడికి చేరవు. కాబట్టి కడిగి తీరవలెను.

ఇరుకు మూతి నూనె సీసాను మనమెట్లు కడుగుదుము? పుల్లతో గీకి, సోడా నీళ్ళు పోసి కదిలింతుము. వైద్యుడును అట్లే చేయును. ఎక్స్‌రే తీసి, మత్తు ఇచ్చి, ఉమ్మి చేరకుండ పంటి చుట్టు రబ్బరు తొడుగు వేయును. సన్నని ఆకురాళ్ళవంటి ఫైళ్ళతో గోడలు గీకును. 1838లో అమెరికాలో మేనార్డ్ అను దంతవైద్యుడు గడియారపు స్ప్రింగుతో ఇట్టి పనిముట్టు చేసెను. అయితే నాళము వంకరటింకర గనుక ఫైలు అన్ని మూలలకు తగలదు. అందుకే సోడియం హైపోక్లోరైట్ ద్రవముతో మరల మరల కడుగుదురు. 1915లో యుద్ధ సైనికుల గాయములు కడిగినది ఈ మందుతోనే. ఇది కుళ్ళును కరిగించి క్రిములను చంపును. గీకిన పొడి పోవుటకు ఇ.డి.టి.ఏ. అను మరొక ద్రవము వాడుదురు. కొందరు వైద్యులు ధ్వని తరంగముల యంత్రముతో ద్రవమును కదిలింతురు. పిమ్మట కాగితపు పుల్లలతో ఆరబెట్టి, గట్టాపెర్చా అను చెట్టు బంకతో నింపి, పైన తొడుగు వేయుదురు. హైపోక్లోరైట్ బట్టల బ్లీచింగు జాతిదే. ఇంటిలో ఎవ్వరును నోట పోసికొనరాదు.

ఆ సాయంత్రము ప్రార్థించి, ఆమెను వెంటనే ప్రొద్దుటూరు బస్సెక్కించాము. చీము తీసి, మరి రెండుసార్లు కడిగి పన్ను నిలిపారు.

గడ్డము క్రింద వాపు, మ్రింగుట కష్టము, ఊపిరాడకపోవుట కనబడితే ఒక్క గంటయు ఆగకండి; ప్రాణాపాయము. పొగాకు, లవంగనూనె పెట్టి దినములు గడపకండి. డబ్బుకు ఇబ్బందియైతే కడపలో ప్రభుత్వ దంత వైద్యశాల యున్నది. మీ సంఘములో ఎవరైనను చికిత్స సగములో మానిరేమో, ఈ ఆదివారము అడిగి చూడండి.