ఉచిత క్లౌడ్‌కు అద్దె మొదలయ్యేది 19వ నెలలో

2025 అక్టోబరు చివర్లో రిలయన్స్, గూగుల్ కలిసి అర్హులైన జియో చందాదారులకు 18 నెలల పాటు గూగుల్ ఏఐ ప్రో ఉచితమని ప్రకటించాయి. దాని విలువ రూ.35,100 అన్నాయి. చర్చంతా కృత్రిమ మేధ చుట్టూనే తిరిగింది. కానీ ఆ ప్యాకేజీలో ఉన్న 2 టీబీ స్టోరేజే సగటు కుటుంబాన్ని ఎక్కువకాలం కట్టిపడేసే వస్తువు. అదే ఏడాది మే నెలలో ఎయిర్‌టెల్ కూడా పోస్ట్‌పెయిడ్, వైఫై వినియోగదారులకు 100 జీబీ గూగుల్ వన్‌ను ఆరు నెలలు ఉచితంగా ఇచ్చింది. ఆ తర్వాత నెలకు రూ.125.

35,100ను 18తో భాగిస్తే నెలకు రూ.1,950. ఏఐ వద్దు, 2 టీబీ చోటు మాత్రం చాలనుకున్నా 2025లో గూగుల్ వన్ ధర నెలకు రూ.650. చాట్‌బాట్‌ను వదులుకోవడం సులభం. పిల్లల పుట్టినరోజు వీడియోలు, ఇంటి దస్తావేజుల స్కాన్లు 600 జీబీ దాకా పేరుకున్నాక వదులుకోవడం కష్టం. ఉచితం గడువు ముగిసేనాటికి ఖాతాలో ఎంత నిండిందన్నదే అసలు లెక్క.

ఇది కొత్త కథేమీ కాదు. 2015లో అపరిమితం అంటూ వచ్చిన గూగుల్ ఫొటోస్, 2021 జూన్ 1 నుంచి 15 జీబీ పరిమితిలోకి వెళ్లింది. ఆ 15 జీబీనే జీమెయిల్, డ్రైవ్ కూడా పంచుకుంటాయి. 2024లో ఆండ్రాయిడ్ ఫోన్ల వాట్సాప్ బ్యాకప్‌లూ అదే ఖాతాలో లెక్కకు వచ్చాయి. కుటుంబ గ్రూపుల్లో రోజూ వచ్చిపడే గుడ్ మార్నింగ్ వీడియోలకు కూడా అద్దె కట్టాల్సిన పరిస్థితి! అమెజాన్ డ్రైవ్ అయితే 2023 డిసెంబరుతో మూతపడింది.

చోటు నిండితే ఆగేది ఫొటోల అప్‌లోడ్ ఒక్కటే కాదు, జీమెయిల్‌కు ఉత్తరాలు రావడం కూడా. రెండేళ్ల పాటు పరిమితి దాటి ఉన్న ఖాతాల్లోని కంటెంట్‌ను తొలగించే హక్కును గూగుల్ తన నిబంధనల్లోనే రాసుకుంది.

ధర కన్నా ముందు తేల్చుకోవాల్సిన సంగతి మరొకటుంది. చాలామంది బ్యాకప్ అనుకుంటున్నది నిజానికి సింక్. గూగుల్ ఫొటోస్ యాప్‌లో ఒక ఫొటోను తొలగిస్తే అది క్లౌడ్‌లోనూ పోతుంది. ట్రాష్‌లో 60 రోజులు ఉంటుంది, అంతే. ‘ఫ్రీ అప్ స్పేస్’ నొక్కితే ఫోన్లోని ప్రతులు పోయి క్లౌడ్‌లోవి మాత్రం మిగులుతాయి. ఆ క్షణం నుంచి క్లౌడ్‌లో ఉన్నది రెండో ప్రతి కాదు, ఏకైక ప్రతి. పాస్‌వర్డ్ పోయినా, ఖాతా స్తంభించినా ఇక దారి లేదు. ఒకటి క్లౌడ్‌లో, ఒకటి ఇంట్లో ఉంటేనే దాన్ని బ్యాకప్ అనాలి. అలాగని ఇంట్లో హార్డ్ డిస్క్ ఒక్కటే సరిపోదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు బీరువాలోని సర్టిఫికెట్లూ, పక్కనే పెట్టిన కంప్యూటర్లూ కలిసే మునిగాయి.

అమెరికాలో పేరున్న బ్యాక్‌బ్లేజ్ ఏడాదికి 99 డాలర్లకు ఒక కంప్యూటర్‌ను అపరిమితంగా బ్యాకప్ చేస్తుంది. పాత వెర్షన్లనూ దాచిపెడుతుంది. నిజమైన బ్యాకప్ అంటే అదే. అయితే మన రూపాయల్లో ఎనిమిది వేలు దాటుతుంది, పైగా ఫోన్‌కు పనికిరాదు. ఫొటోలన్నీ ఫోన్లోనే ఉండే భారతీయ ఇంటికి అది నప్పదు. ఇక్కడ గిట్టుబాటయ్యేది చిన్న ప్లాన్: ఏడాదికి రూ.1,300కు 100 జీబీ, దానికి తోడు ఒక పోర్టబుల్ హార్డ్ డిస్క్. తిరిగి సంపాదించలేని ఫొటోలు, పత్రాలు రెండు చోట్లా ఉండాలి. సినిమాలు, ఫార్వర్డ్‌లు డిస్క్‌లో ఉంటే ఉంటాయి, లేకపోతే లేదు. ప్రభుత్వం జారీ చేసే పత్రాలకు డిజీలాకర్ ఎలాగూ ఉచితం.

ఉచిత ఆఫర్ తీసుకోవడంలో తప్పులేదు. బయటికి వచ్చే దారి మాత్రం ముందే చూసుకోవాలి. గూగుల్ టేకౌట్ ద్వారా మొత్తం డేటాను పైసా కట్టకుండా దించుకోవచ్చు. కానీ రోజుకు 2 జీబీ మొబైల్ డేటాతో 100 జీబీ దించడానికే 50 రోజులు పడుతుంది. ఫైబర్ కనెక్షన్ లేని ఇల్లు గడువు చివరి వారంలో మేల్కొంటే చేయగలిగింది చందా కట్టడమే.

ఖాతాదారు మరణిస్తే ఏమిటన్నది ఇంకో ప్రశ్న. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం నామినీని నియమించుకునే హక్కును గుర్తించింది. గూగుల్‌లో ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్, ఆపిల్‌లో లెగసీ కాంటాక్ట్ ఇప్పటికే ఉన్నాయి. సెట్టింగ్స్‌లో పేరు చేర్చడానికి పది నిమిషాలు పట్టదు. రెండేళ్లు ఎవరూ తెరవని గూగుల్ ఖాతా, అందులోని ఫొటోలతో సహా, తొలగింపు జాబితాలోకి వెళ్తుంది.