పెద్ద విద్యాలయములు - పిల్లల క్షేమము

ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన నాటినుండి ఏటూరునాగారమున ఏ యరుగుమీద విన్నను ఒకటే ప్రసంగము. పిల్లల నెచ్చటికి బంపవలెను? 1976లో వెలసిన కాకతీయకా, 1918 నాటి ఉస్మానియాకా, హైదరాబాదు కేంద్ర విశ్వవిద్యాలయమునకా? ఆచార్యులను గూర్చి, గ్రంథాలయమును గూర్చి యడుగువారు తక్కువ. "అచ్చట రాత్రులు పార్టీలట, త్రాగుడట, గంజాయియట" యనుమాటయే యెక్కువ. ఈ మాట కొడుకుల విషయమున నిట్టూర్పుతో ముగియుచున్నది. కూతుండ్ర విషయమున చదువు మాన్పించుటతో ముగియుచున్నది. కావుననే మేమిందు జోక్యము కలుగజేసికొనవలసి వచ్చినది.

భయము నిరాధారమని మేమనము. మన రాష్ట్రమున 21 ఏండ్లు నిండనివారికి మద్యమమ్ముట చట్టవిరుద్ధము. డిగ్రీ తరగతులవారిలో పెక్కుమంది యా వయస్సునకు లోబడినవారే. అయినను స్వాగతమను పేరను, వీడుకోలను పేరను జరుగు విందులలో సీసాలు కనబడకపోలేదు. ర్యాగింగును నిషేధించుచు ఉమ్మడి రాష్ట్రమున 1997లో చట్టము వచ్చెను. 2009లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము నిబంధనలు గావించెను. మాదకద్రవ్యముల నరికట్టుటకు మన ప్రభుత్వము 2023లో ప్రత్యేకశాఖనే నెలకొల్పెను. రోగము లేనిచోట ఇన్ని మందులేల?

అయినను విద్యాలయము పెద్దదగుటయే దోషమనుట మాకు సమ్మతము కాదు. వేలకొలది విద్యార్థులున్నచోట తెల్లవారుదాక త్రాగువారును ఉందురు, తెల్లవారుదాక చదువువారును ఉందురు. మా యెఱిగినంతలో నిజమైన యపాయము ఆవరణము వెలుపలనే హెచ్చు. వసతిగృహమున చోటు దొరకని పిల్లవాడు ఊరిలో అద్దెగది వెదకుకొనును. అచ్చట వార్డెను లేడు, కావలివాడు లేడు. ఇంటియజమానునకు అద్దె ముట్టిన చాలును.

మన ఏజెన్సీ పిల్లలకు మఱియొక చిక్కు గలదు. ఆశ్రమపాఠశాలలో నిద్రలేచుటకు గంట, అన్నమునకు గంట, చదువుటకు గంట. పదియేండ్లు గంటవెంబడి నడచిన బిడ్డను ఒక్క జూన్ నెలలో ఏ గంటయు లేని నగరమున విడిచెదము. మాటయాసకు నవ్వుదురేమో యను సిగ్గొకటి. అట్టివానికి నలుగురు గ్లాసు చాపి, త్రాగనివాడు పల్లెటూరివాడనిన, కాదనుటకు గుండె చాలదు. మన గూడెములలో పండుగనాడు ఇప్పసారా లేదని దొంగనీతులు చెప్పబోము. కాని యది పెద్దల యెదుట జరుగును. చాలునురా యనువా డొకడుండును. తలుపు మూసిన గదిలో ఆ మాట యనువాడెవడు?

కావున తండ్రులు విద్యాలయము పేరుగాక రాత్రివేళ దాని నడవడి నడుగవలెను. మొదటియేడే వసతి దొరకునా? వార్డెను అచ్చటనే నిద్రించునా, ఇంటికి బోవునా? 2013 చట్టమును, 2015 నిబంధనలను అనుసరించి స్త్రీల ఫిర్యాదుల విచారించు అంతర్గత సంఘమున్నదా? దాని సభ్యుల పేర్లు గోడమీద కనబడుచున్నవా? ఈ ప్రశ్నలకు జంకువాడు పిల్లల క్షేమమునకు పూచీపడజాలడు.

అమెరికాలో ప్రభుత్వసహాయము పొందు విద్యాలయములు తమ ఆవరణములలో జరిగిన నేరముల లెక్కను ఏటేట ప్రకటింపవలెనని 1990లోనే చట్టము చేసిరి. మన తండ్రులకు వదంతియే యాధారము. ర్యాంకు వచ్చినప్పుడు నిలువెత్తు ఫ్లెక్సీలు గట్టు మన విద్యాలయములు ఈ లెక్కలను గూడ తమంతట ప్రకటించిన నష్టమేమి? పరువు పోవునందురు. ఫిర్యాదులు వచ్చినచోట వినువాడున్నాడని యర్థము. ఏండ్లతరబడి సున్న చూపుచోటనే మాకు సందేహము హెచ్చు.

2014 విభజనచట్టము వాగ్దానము చేసిన గిరిజన విశ్వవిద్యాలయమునకు 2023 డిసెంబరులో పార్లమెంటు ఆమోదము లభించెను. 2024లో ములుగు చెంత జాకారమున తాత్కాలిక భవనములలో తరగతు లారంభమయ్యెను. అది సమ్మక్క సారక్కల పేర వెలసినది. ఆ పేరు పెట్టుకొన్నచోట ఆడపిల్లకు రాత్రి భయముండరాదు. క్రొత్త కోర్సుల నెంచుటకు ముందు పడకల నెంచవలెనని, మొదటినుండియు ఫిర్యాదుల లెక్క ప్రకటించు పద్ధతి నవలంబింపవలెనని యచ్చటి యధికారులను కోరుచున్నాము. కూతురి దరఖాస్తును చింపబోవు తండ్రిని మేము కోరునది యొకటే: చింపకమునుపు ఒకమారు బస్సెక్కి పోయి, ఆ వసతిగృహమును చీకటిపడిన పిదప చూచి రావలెను, బిడ్డను గూడ వెంట గొనిపోవలెను.